కొసరు మొక్కల లెక్క చెప్పడానికి బాపట్ల దాకా

"వందంటే వందే పెట్టు. కొసరు వెయ్యమాకు. ఇది చేపల బుట్ట కాదు" అన్నాడు మా ఆయన.

"అట్టాగేలే, ముందు నువ్వు పో. పోటు తిరుగుద్ది" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. రెండేళ్ల కిందట కార్తీక మాసంలో, ఏటి ఒడ్డున మడ మొక్కలు నాటడం మొదలుపెట్టిన మూడో రోజు పొద్దున అనుకున్న మాటలు. ఆయన పార భుజాన వేసుకొని కాలువ మూతి తవ్వడానికి పోయాడు. నేను మోకాళ్ల లోతు బురదలో నిలబడి మొక్కలు లెక్కపెట్టి ఆడవాళ్లకు అందిస్తున్నాను. మధ్యాహ్నం ఆయన గట్టు మీద కూర్చొని గుండె పట్టుకున్నాడట. పడవలో తెచ్చేసరికి ప్రాణం లేదు. పోయేముందు నీకేమైనా చెప్పాడా అని చాలామంది అడిగారు. చెప్పాడు. లెక్క సరిగ్గా పెట్టమన్నాడు. నేను పెట్టలేదు.

అందుకే మొన్న శ్రావణంలో ఒక బుధవారం నాడు రేపల్లె నుంచి తెనాలికి, తెనాలి నుంచి బాపట్లకు, అక్కడి నుంచి మళ్లీ రేపల్లెకు, ఒక్క రోజులో చుట్టి వచ్చాను. మాలాగా మొక్కలు పెంచే సంఘాల ఆడవాళ్లు ఎవరైనా బాపట్ల అటవీ శాఖ ఆఫీసుకు పోవలసి వస్తే పనికొస్తుందని దారి అంతా చెబుతున్నాను. రాస్తున్నది మా ఆడబిడ్డ రమణ. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు మీద ఊరిపేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి రాదు.

ముందు సంగతి చెప్పి తర్వాత బయలుదేరతాను. మా పల్లె రేపల్లెకు అవతల, ఉప్పుటేటి పక్కన ఉంది. ఒకప్పుడు ఏటి ఒడ్డంతా మడ చెట్లే. వంట చెరుకుకు కొంత నరికారు, రొయ్యల చెరువులకు కొంత నరికారు. ఆ తర్వాత వచ్చిన తుపానుకు నీళ్లు అడ్డం లేకుండా మా వాకిళ్లలోకి వచ్చాయి. అప్పుడు ప్రభుత్వం వారు మళ్లీ మడ పెంచమని డబ్బు మంజూరు చేసి, పని మా ఆడవాళ్ల సంఘానికి ఇచ్చారు. విత్తులు ఏరడం, సంచుల్లో మొలిపించడం, నాటడం, మూడేళ్లు సాకడం మా పని. ఏడాదికి ఒక విడత చొప్పున మూడు విడతలు డబ్బు వస్తుంది.

మడను ఊరికే గుచ్చితే బతకదు. పోటు నీరు వచ్చి పోతూ ఉండాలి. అందుకని ఏటి నుంచి ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే చేప ముల్లులాగా ఉంటుందట. ఆ కాలువలు తవ్వించింది మా ఆయనే. మా వాటాకు అరవై పిల్ల కాలువలు వచ్చాయి, ఒక్కో కాలువ గట్టున వంద మొక్కలు. ఏటేటా బురద చేరి కాలువల మూతులు పూడిపోతాయి. పూడిక తీయకపోతే నీరు లోపలికి రాదు, వచ్చింది బయటికి పోదు, మొక్క మాడిపోతుంది. మూడో విడత డబ్బు ఆ పూడిక తీతకే.

ఇక నా తప్పు. ముప్పై ఏళ్లు బుట్ట నెత్తిన పెట్టుకొని చేపలమ్మాను. చిన్న చేపలు పుంజీల లెక్కన అమ్ముతాము. పుంజీ అంటే నాలుగు. ఇరవై అయిదు పుంజీలు వంద, ఆ పైన ఒక పుంజీ కొసరు. కొసరు వెయ్యకపోతే కొనే మనిషి బుట్ట దగ్గర నుంచి లేవదు. మడ మొక్కలకు కూడా నా చెయ్యి అదే పని చేసింది. వంద అనడం, ఇంకో నాలుగు అందించడం. ఆయన చూసి వద్దన్నాడు. అట్టాగేలే అన్నాను, ఆయన అటు పోగానే మళ్లీ వేశాను. చచ్చిపోయే మొక్కలు ఎలాగూ ఉంటాయి, నాలుగు ఎక్కువుంటే ఏం పోయిందని నా మనసులో ఉంది. రమణ సంఘం పుస్తకం పట్టుకొని ఎన్ని వదినా అని అడిగితే, వందే అన్నాను. ఆయన పోయాక నాటిన వాటితో కలిపి అరవై కాలువలకూ అదే మాట. తను అదే రాసింది.

మొదటి రెండేళ్లు మొక్కలు బతికాయా లేదా అని మాత్రమే చూసి వెళ్లారు. ఈసారి అటవీ శాఖ నుంచి వచ్చిన సెక్షన్ సారు బురదలో దిగి పది కాలువలు నిజంగా లెక్కపెట్టాడు. పుస్తకంలో వంద, గట్టు మీద నూట రెండు. ఇంకో దాని మీద నూట మూడు. ఆయన ఏం రాశాడో పదిహేను రోజుల తర్వాత కాగితం వచ్చింది. రమణ అందరి ముందూ చదివింది. నాటిన వాటి కంటే బతికినవి ఎక్కువ ఉన్నాయి కాబట్టి ఇందులో వాటంతట అవి మొలిచిన మొక్కలు కలిశాయని, అవే పెరుగుతున్న చోట మూడో విడత అక్కర్లేదని ఉంది. ఎంతమేర సంఘం నాటిందో తేలాలని కూడా ఉంది.

"నాటకుండానే డబ్బు తిన్నామంటన్నారా ఏంటి?" అంది ఒకావిడ. రమణ పుస్తకం తిప్పి తిప్పి చూసుకుంటోంది. నేను తల వంచుకొని లేచి వచ్చేశాను. ఆ సాయంత్రం గట్టు మీదికి పోయి చూస్తే అప్పటికే సగం కాలువల మూతులు పూడి ఉన్నాయి. ఆయన తవ్విన కాలువలు.

బుధవారం తెల్లవారుజామున అయిదింటికి ఆటో ఎక్కాను. రేపల్లెకు నలభై రూపాయలు. పెరుగన్నం, మాగాయ బద్ద డబ్బాలో పెట్టుకున్నాను. తెనాలిలో పని ఉందని మాత్రమే రమణకు చెప్పాను. తెనాలి ఎందుకంటే, మొక్కలకు ప్లాస్టిక్ సంచులు కొన్నది అక్కడే. సంఘం డబ్బుతో పదిహేను కేజీలు, కొసరు మొక్కల కోసం నా చేపల డబ్బుతో ఇంకో కేజీ. ఆ రెండో బిల్లు నకలు దొరికితే, కొసరు మొక్కలు కూడా మేము పెంచినవేనని చూపించవచ్చు అనుకున్నాను.

రేపల్లె స్టేషన్‌లో తెనాలి ప్యాసింజరు టిక్కెట్టు పది రూపాయలు. బండి ఏడు దాటాక కదిలింది. వేళలు మారుతుంటాయి, ముందు రోజు అడిగి పోండి. రేపల్లె బండి మొదలయ్యే చోటు కాబట్టి సీటుకు తొందర లేదు. కిటికీ పక్కన కూర్చున్నాను. ఇదే బండిలో పదేళ్లు బుట్టతో తిరిగాను. అప్పుడు తలుపు దగ్గర నేల మీద కూర్చునేదాన్ని, నీచు వాసనని జనం జరిగేవారు. ఇప్పుడు ఉతికిన చీర కట్టుకొని సీటులో కూర్చుంటే నాకే కొత్తగా ఉంది.

భట్టిప్రోలు దాటాక చేలన్నీ ఊడ్పులే. వేమూరులో ఒక పెద్దాయన రెండు గోతాల నిమ్మకాయలు ఎక్కించి నా ఎదురుగా కూర్చున్నాడు. తెనాలి నిమ్మకాయల సంతకు పోతున్నాడు. కాసేపు చూసి అడిగాను.

"బాబాయ్, చిల్లరగా అమ్మేటప్పుడు వందకి ఎన్నిస్తారు?"

"వందకి వందా నాలుగు. ఒక్కోడు వందా అయిదు కూడా లాగుతాడు."

"మరి వందని ఎందుకంటారు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "కొసరు లెక్కలోకి వస్తదా ఎక్కడన్నా? నువ్వేమన్నా టీచరమ్మవా?"

చేపలమ్మేదాన్ని అన్నాను. "అయితే నన్నడుగుతావేంటి, నీకు తెల్దా" అని నవ్వి, రెండు కాయలు నా డబ్బా మీద పెట్టాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. లోకంలో నేనొక్కదాన్నే కాదు అనిపించింది.

ఎనిమిదిన్నరకు తెనాలి. స్టేషన్ బయట బండి మీద నాలుగు ఇడ్లీ ముప్పై రూపాయలు. చట్నీ పలుచన, కారప్పొడి మాత్రం బాగుంది. సంచుల కొట్టు మార్కెట్ వైపు సందులో ఉంది, నడిస్తే పదిహేను నిమిషాలు. తొమ్మిదిన్నరకు గానీ తెరవరు. పక్క కొట్టు మెట్ల మీద కూర్చొని ఎదురు చూశాను.

కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు. "కేజీకి కొసరు పది సంచులు వెయ్యమని గొడవ పెట్టుకున్న పిన్నిగారు కదూ" అన్నాడు.

"వేశారు కదా నాయనా చివరికి."

"వెయ్యక చస్తానా, మీరు కదిలితే కదా."

పాత బిల్లు పుస్తకాలు దించి అరగంట వెతికాడు. దొరికింది. సంఘం పేరున ఒకటి, దాని వెనకే నా పేరున ఒకటి. కానీ రెండింటి మీదా కేజీలే రాసి ఉన్నాయి. సంచులు ఎన్నో లేదు.

"ఎన్ని సంచులో రాసివ్వు బాబూ."

"సంచులు ఎవరు లెక్కపెడతారు పిన్నిగారూ, తూచి ఇస్తాం. ఇప్పుడు నేను ఒక అంకె రాస్తే అది అబద్ధం అవుద్ది. అది పట్టుకొని ఆఫీసుకు పోతే మీకే ఇబ్బంది."

ఆయన అన్నది నిజమే. రెండు బిల్లులూ జిరాక్సు తీసి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఆ కాగితాలు మడిచి రవికలో పెట్టుకుని స్టేషన్‌కు నడిచాను. రుజువు దొరుకుతుందని వచ్చాను. దొరికింది ఒక కేజీ.

తెనాలి నుంచి బాపట్ల వైపు ఆ వేళకు ప్యాసింజరు లేదు. ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ టిక్కెట్టు ముప్పై రూపాయలు. పదీ నలభైకి వచ్చింది, నిలబడే ప్రయాణం. నిడుబ్రోలులో కొంతమంది దిగితే సీటు దొరికింది. పక్కన ఈపురుపాలెం ఆయన, మగ్గం పని చేస్తాడట, తెనాలిలో చీరలు ఇచ్చేసి ఇంటికి పోతున్నాడు. ఎక్కడికమ్మా అంటే చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పడం తేలిక.

ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు. "మా పనిలో ఆ మాట కుదరదండి. ఒక పోగు తగ్గినా తప్పే, ఒక పోగు ఎక్కువైనా తప్పే. ఎక్కువైన పోగుని మగ్గంలో ఎక్కడ కూర్చోబెడతాం?"

"మరి మిగిలితే ఏం చేస్తారు?"

"మిగలనివ్వం. మిగిలిందంటే ఎక్కడో తప్పు పోయిందనే లెక్క. విప్పుకోవాల్సిందే."

ఆఫీసు వాళ్లూ ఈయనలాగే ఆలోచిస్తారు కాబోలు అనుకున్నాను. నిమ్మకాయలాయన ఇచ్చిన ధైర్యం బాపట్ల వచ్చేలోపు పోయింది. దిగేటప్పుడు మాత్రం ఆయన కిటికీలోంచి ఒక మాట అన్నాడు. "దాచకుండా చెప్పండి అక్కా. తప్పు పోయిన పోగుని మేం దాస్తే చీర మొత్తం చెడుద్ది."

పదకొండున్నరకు బాపట్ల. స్టేషన్ నుంచి ఆఫీసుకు షేరు ఆటో ఇరవై. అక్కడ బల్ల దగ్గర కూర్చున్న మనిషి, రేంజరు మేడం లేరు, సూర్యలంక రోడ్డులో నర్సరీలో ఉన్నారు, రేపు రండి అన్నాడు. రేపు అంటే నాకు మళ్లీ రెండు బళ్లు. నర్సరీకే పోతానన్నాను. మీ ఇష్టం అన్నాడు. మళ్లీ ఆటో, ఇంకో ఇరవై. మీరు పోయేటప్పుడు ముందు ఫోను చేయించుకొని మేడం ఎక్కడున్నారో కనుక్కొని పోండి. వానాకాలంలో వాళ్లు ఆఫీసులో తక్కువ, నర్సరీల్లో ఎక్కువ.

పన్నెండుంపావుకు నర్సరీ. ఇసక నేల, ఆకుపచ్చ నెట్టు కింద మొక్కలు బారులు తీరి ఉన్నాయి. సరుగుడు, వేప, కానుగ, బాదం. తుపాను గాలికి అడ్డంగా సముద్రపు ఒడ్డున నాటడానికి సరుగుడు మొక్కలు లారీకి ఎక్కిస్తున్నారు. మేడం నెట్టు కింద నిలబడి ఫోనులో మాట్లాడుతోంది. ముప్పై ఏళ్లుంటాయేమో. నన్ను చూసి, ఆగమని చెయ్యి చూపించింది.

ఆగాను. మొక్కలు అందించే ఆడవాళ్లలో ఒకావిడ మంచినీళ్లకని పోయింది. లారీ మీద మనిషి చేతులు చాపి ఖాళీగా నిలబడ్డాడు. పనిచేసే చోట ఊరికే నిలబడడం నాకు చేతకాదు. డబ్బా పక్కన పెట్టి, కొంగు బిగించి, ఆవిడ చోట నిలబడ్డాను. ఒక్కో చేత్తో రెండేసి, పుంజీ లెక్కన అందించడం మొదలుపెట్టాను. ఇరవై అయిదు పుంజీలు అయ్యాక వంద అని గట్టిగా అన్నాను. మళ్లీ మొదటి నుంచి. అట్లా మూడు వందలు ఎక్కించాను.

లారీ మనిషి పైనుంచి అరిచాడు. "ఎవరమ్మా లెక్కపెట్టేది? పది వరసలకి పదేసి పేరుస్తన్నాను. ప్రతి వందకీ నాలుగు నా కాళ్ల దగ్గర మిగులుతున్నాయి."

మేడం ఫోను చెవి దగ్గర నుంచి తీసి ఇటు వచ్చింది.

"మీరెవరండి? మా మనిషి కాదే."

పేరు నాంచారమ్మ అని చెప్పాను, ఊరు చెప్పాను, సంఘం పేరు చెప్పాను. మేడం మొహం మారింది. ఆ కాగితం సంగతి ఆవిడకు గుర్తుంది. "మడ మొక్కలు ఎక్కువ వచ్చిన సంఘం మీదేనా?" అంది.

"అవునండి. ఆ ఎక్కువ నేనే వేశానండి."

బిల్లులు తీసి ఇచ్చాను. చూసి, "కేజీలతో మొక్కల లెక్క తెలియదండి" అంది. అయినా తిరిగి ఇవ్వకుండా చేతిలోనే పెట్టుకుంది. నేల మీద ఉన్న మొక్కల వైపు చూపించింది.

"ఇంకో వంద ఎక్కించండి. నేను చూస్తాను."

అందరూ పని ఆపి నిలబడ్డారు. నేను అందించాను. చూస్తున్నారని తెలుసు, ఈసారి వందకు ఆపాలని మనసులో గట్టిగా అనుకున్నాను. వంద అన్నాను. నా చేతులు అప్పటికే ఇంకో పుంజీ ఎత్తి లారీ మీదికి ఇచ్చేశాయి.

"ఇప్పుడు ఎన్నిచ్చారు?" అంది మేడం.

"వందండి."

"మరి వంద అన్నాక ఇచ్చినవి?"

"అవి కొసరండి. లెక్కలోకి రావు."

నీళ్లు తాగి వచ్చిన ఆవిడ కిసుక్కున నవ్వింది. లారీ మనిషి, "ఈవిడ చేత ఇంకో లారీ ఎక్కించండి మేడం, ఊరికే వస్తాయి మొక్కలు" అన్నాడు. మేడం నవ్వలేదు. ఫోనులో మా కాగితం తీసి, వేలు పెట్టి ఒక్కో అంకె పైకి చదివింది. నూట రెండు, నూట మూడు, నూట రెండు, నూట నాలుగు, నూట ఒకటి. పది కాలువలూ చదివింది.

"వాటంతట అవి మొలిస్తే ఒక గట్టున పాతిక ఎక్కువుంటాయి, ఒక గట్టున అసలుండవు. మీవి ఒక్కటీ వందకి తగ్గలేదు, ఒక్కటీ నూట నాలుగు దాటలేదు" అంది. ఎవరికో చెబుతున్నట్టు కాదు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అంది. నాకు ఆ మాటలు ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

తర్వాత నా వైపు తిరిగింది. "ఎక్కువ నాటడం తప్పు కాదండి. రాయకపోవడం తప్పు. మా సారు లెక్క సరిగ్గానే పెట్టాడు, మీ పుస్తకమే సరిగ్గా లేదు."

"పుస్తకం రాసిన పిల్ల తప్పు లేదండి. నేను చెప్పిందే రాసింది."

నెట్టు కింద కుర్చీలో కూర్చొని ఒక తెల్లకాగితం మీద నేను చెప్పిందంతా తనే రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టమంది. పెట్టాను. నా పేరు పెద్దది, రెండో వరసలోకి పోయింది. ఆ కాగితం జతచేసి మళ్లీ లెక్కకు రాస్తానని, పది కాలువలు కాదు అరవై కాలువలూ లెక్కపెట్టిస్తానని, అవి సరిపోతే పూడిక తీత పని మళ్లీ జాబితాలో పెడతానని చెప్పింది. సోమవారం తనే వస్తానంది.

"సోమవారం పొద్దున తొమ్మిదింటికి రండి. పాటుకి నీరంతా దిగి ఉంటది. పన్నెండు దాటితే గట్లు ఎక్కలేరు" అన్నాను. మేడం ఆ వేళ కూడా రాసుకుంది.

అప్పటికి రెండయింది. ఆ ఆడవాళ్లతో కలిసి బాదం మొక్కల పక్కన కూర్చొని పెరుగన్నం తిన్నాను. వాళ్లు వంకాయ కూర పెట్టారు, నేను మాగాయ పెట్టాను. తిన్నాక మిగిలిన లారీ కూడా ఎక్కించాను. ఈసారి నీళ్లు తాగిన ఆవిడ నా పక్కనే నిలబడి, వంద అనగానే నా మణికట్టు పట్టుకుంది. రెండుసార్లు పట్టుకున్నాక మూడోసారి నా అంతట నేనే ఆగాను. పోయేముందు లారీ మనిషి నాలుగు బాదం మొక్కలు సంచిలో వేసి ఇవ్వబోయాడు. "తీసుకో పిన్నీ, కొసరు" అన్నాడు.

"వద్దులే నాయనా. మీ మేడం పుస్తకంలో తేడా వస్తది" అన్నాను.

మూడున్నరకు బాపట్ల బస్టాండులో రేపల్లె బస్సు దొరికింది. పల్లెవెలుగులో ఆడవాళ్లకు డబ్బు లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టిక్కెట్టు కొట్టి ఇస్తారు. ఆ టిక్కెట్టు పారేయకుండా దాచుకోండి, దారిలో చెకింగు వాళ్లు అడుగుతారు. కర్లపాలెంలో ఒక రైతు భార్య ఎక్కి పక్కన కూర్చుంది. నర్సరీ నుంచి వస్తున్నానంటే, గట్ల మీద నాటుకోవడానికి కొబ్బరి మొక్కలు ఇస్తారా అని అడిగింది. అక్కడ నేను కొబ్బరి చూడలేదు, ఎవరిస్తారో మండలం ఆఫీసులో అడగమన్నాను. "అడిగితే ఇస్తారంటావా?" అంది. "అడగటానికి నేను బాపట్ల దాకా పోయొచ్చాను, నీకు మండలం ఆఫీసు ఎంత దూరం" అన్నాను. నవ్వింది. సంచిలోంచి వేయించిన వేరుశనక్కాయలు గుప్పెడు తీసి పెట్టింది. చెరుకుపల్లి దాకా ఇద్దరం వొలుచుకుంటూ వచ్చాం.

చెరుకుపల్లి దగ్గర చిన్న వాన పడింది. నారు పచ్చగా తల ఊపుతోంది. కిటికీ అద్దం వేస్తే ఉక్క, తీస్తే జల్లు. తీసే కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఖర్చు లెక్క వేసుకున్నాను. ఆటోలు, రెండు టిక్కెట్లు, ఇడ్లీ, ఒక టీ, అంతా కలిపి రెండు వందల లోపు. ఒక రోజు కూలి పోయింది. అయినా గుండెల మీద నుంచి బుట్ట దించినట్టుగా ఉంది.

అయిదున్నరకు రేపల్లె. ఆటో పట్టుకొని మా ఊరి ముందే, ఏటి గట్టు దగ్గర దిగిపోయాను. ఇంకా వెలుతురుంది. పోటు అప్పుడే ఎక్కుతోంది, కాలువ మూతుల దగ్గర బురద అడ్డం పడి నీరు సన్నగా లోపలికి పాకుతోంది. చెప్పులు గట్టున వదిలి, ఆయన ఆ రోజు తవ్విన కాలువ పక్కకు నడిచాను. ఆ గట్టు మీది మొక్కలు నా నడుం దాకా వచ్చాయి. ఆకుల మీద ఉప్పు తెల్లగా మెరుస్తోంది.

మొదటి మొక్క నుంచి ఒక్కొక్కటి ముట్టుకుంటూ లెక్కపెట్టాను. పుంజీలు కాదు, ఒకటి, రెండు, మూడు అని. చివరకు వచ్చేసరికి వంద అయింది, ఇంకా మొక్కలున్నాయి. నూట ఒకటి అన్నాను. నూట రెండు అన్నాను. నూట మూడు అన్నాను. ముప్పై ఏళ్లలో వంద దాటి నోటితో అనడం అదే మొదలు.

ఇంటికి వచ్చి రమణకు అంతా చెప్పాను. నా మాట నమ్మి తను పుస్తకంలో అబద్ధం రాసిందని చెప్పాను. "అన్న ఉంటే నిన్ను తిట్టేవాడు వదినా" అంది. తిట్టే పోయాడు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తను పుస్తకం తెచ్చి పాత అంకె కొట్టేయకుండా, దాని పక్కన కొసరుతో అని రాసింది.

సోమవారం మేడం వస్తుంది. అరవై కాలువలూ లెక్కపెడతారు. నాకు భయం లేదు. ఏ కాలువ మీద ఎన్నున్నా ఉన్నంతే చెబుతాను.

రమణా, ఇక చాలు, కలం పెట్టెయ్. నేను చెప్పింది చెప్పినట్టు రాశావో, నువ్వేమన్నా కలిపావో చూడాలి. మొదటి నుంచి చదువు. మీ అన్న మాట ఉన్న చోట కాస్త నిదానంగా చదువు.